గినీపిగ్గు పద్యం: టీక, తాత్పర్యం, విశేషాలు

మూలం (తేటగీతి)

తలుపు కిర్రన్న వెంటనే దాని కూత
గాలిలో మెలి తిరిగెడు గంతులాట
తాను విడిచిన గుళికలే తాను తినుట
కనులు మూయక నిద్దుర – గహనమయ్య!

అవతారిక: కర్త పేరు తెలియదు. ఇందులోని తలుపు ఫ్రిజ్జు తలుపేనని కింద నిరూపించబోతున్నాం కాబట్టి ఆధునికుడని ఇప్పుడే ఒప్పుకోవడం మంచిది. పద్యంలో ఎక్కడా తోక ఊసు లేదు గనుక ఈ జీవిని కళ్లారా చూసిన వాడేననీ రూఢి అవుతోంది. గినీపిగ్గుకు తోక లేదు.

ప్రతిపదార్థం: తలుపు = ఫ్రిజ్జు తలుపు; కిర్రన్న వెంటనే = చప్పుడైన మరుక్షణమే; దాని = గినీపిగ్గు యొక్క; కూత = 'వీక్ వీక్' మంటూ ఇల్లు ఎగరగొట్టే ఈల; గాలిలో = నేలకు జానెడెత్తున; మెలి తిరిగెడు = తల ఒకవైపు, పిరుదులు మరొకవైపు పోయేటటువంటి; గంతులాట = పెంచేవాళ్లు పాప్‌కార్నింగ్ అని పిలిచే కేరింత; తాను విడిచిన = తన కడుపులోంచే వచ్చిన; గుళికలే = మెత్తని పెంటికలనే; తాను తినుట = ఆరగించుట; కనులు మూయక నిద్దుర = కళ్లు తెరుచుకునే కునుకు తీయుట; గహనమయ్య = (కొత్తగా తెచ్చుకున్నవారికి) అంతుబట్టదయ్యా.

తాత్పర్యం: ఓ గృహస్థా! నీ గినీపిగ్గు అరుస్తుంది, ఎగురుతుంది, చేయరాని పని చేస్తుంది, చచ్చిందేమో అనిపించేలా పడుకుంటుంది. ఇవన్నీ దాని ఆరోగ్య లక్షణాలే. కంగారు పడకు.

విశేషాలు: 'తలుపు' అంటే వీధి తలుపని ఒక వర్గం. యజమాని తాళం చెవి చప్పుడుకు కూడా ఈ జీవి కూస్తుందని వారి వాదం. నిజమే, కూస్తుంది. కానీ ఆ కూతలోనూ యజమాని మీది ప్రేమ ఎంత, అతని చేతిలోని కొత్తిమీర మీది ప్రేమ ఎంత అని తూచి చూస్తే త్రాసు కొత్తిమీర వైపే మొగ్గుతుంది. కవరు గరగర, కత్తిపీట చప్పుడు, ఫ్రిజ్జు తలుపు – మేతకు ముందు వినిపించే ఏ శబ్దాన్నైనా ఇది చప్పున పట్టేస్తుంది. కనుక ఫ్రిజ్జు తలుపే అని సిద్ధాంతం.

ఇక్కడ ఒక విరోధాభాస ఉంది, రసజ్ఞులు గమనించాలి. ఈ జాతి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడివాళ్లు వేల ఏళ్ల కిందటే దీన్ని మచ్చిక చేసింది ముద్దు చేయడానికి కాదు, కూరకు. ఇప్పటికీ పెరూ పల్లెల్లో వంటింటి మూలనే పెంచి, పండగ నాడు వండుతారు. కుస్కో కెథడ్రల్‌లో 18వ శతాబ్దపు చిత్రకారుడు మార్కోస్ జపాటా గీసిన క్రీస్తు చివరి విందు చిత్రంలో బల్ల మధ్య పళ్లెంలో వెల్లకిలా ఉన్నది ఈ జీవేనని అక్కడివారు చూపిస్తారు. ఇన్ని తరాలు వంటింట్లో పెరిగి వంటైపోయిన వంశం, వంటింటి తలుపు చప్పుడుకే కేరింతలు కొట్టడం కంటే పెద్ద విరోధాభాస ఏ అలంకార గ్రంథంలో దొరుకుతుంది?

రెండో పాదానికి వద్దాం. ఇక్కడ పూర్వపక్షం మా మేనత్తది. "ఒరేయ్, దీనికి మూర్ఛ వచ్చిందిరా, తాళాలు పెట్టండి!" అని ఆవిడ కేక వేసింది. సంతోషం పట్టలేక నాలుగు కాళ్లూ నేల విడిచి ఎగిరే జీవికి ఇనుము పట్టించడం అనవసరం. పిల్లలు ఎక్కువగా ఎగురుతాయి, వయసొచ్చినవి ఏదో లాంఛనానికి ఓ కుప్పిగంతు వేసి ఊరుకుంటాయి. అయినా అత్తయ్య పక్షాన్ని పూర్తిగా కొట్టేయకూడదు. చర్మంలో దూరే గజ్జి పురుగు ముదిరితే ఆ దురద బాధకే గినీపిగ్గుకు నిజంగా మూర్ఛలాంటిది వస్తుంది. తేడా ఎలా కనిపెట్టాలి? కేరింత అయితే నాలుగు కాళ్ల మీదా దిగి, ఏమీ ఎరగనట్టు పోయి గడ్డి తింటుంది. మూర్ఛ అయితే పక్కకు పడి కాళ్లు కొట్టుకుంటుంది. బొచ్చు ఊడిన మచ్చలు, గోకి గోకి చేసుకున్న పుండ్లు ముందునుంచే ఉంటాయి. ఇది డాక్టరు సూదితో నయమయ్యే జబ్బు.

మూడో పాదం చదివి ముక్కు మూసుకునేవారున్నారు. వారు కాస్త ఓపిక పట్టాలి. ఈ జీవి గడ్డిని పెద్ద పేగు మొదట్లోని సంచిలో పులియబెడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు బి విటమిన్లు, కె విటమిను తయారు చేస్తాయి. ఆ సారం మొదటి విడతలో ఒంటబట్టదు కనుక మెత్తని గుళికగా వచ్చినదాన్ని తిరిగి మింగి రెండో విడత జీర్ణం చేసుకుంటుంది. బోనులో మనం ఊడ్చే గట్టి పెంటికలు వేరు, ఇవి వేరు. కవి 'విడిచిన' అనడం మాత్రం దోషం. అది గుళికను కింద పడనివ్వదు, వంగి నోటితో నేరుగా అందుకుంటుంది. 'విడువబోవు' అనాల్సింది, గణం కుదరక సత్యాన్ని బలిపెట్టాడు. తేటగీతి కోసం ఆ మాత్రం క్షమించవచ్చు.

ఇన్ని విటమిన్లు కడుపులోనే చేసుకునే మహానుభావుడికి సి విటమిను మాత్రం చేతకాదు. ఆ విషయంలో అది మన చుట్టమే. మనకూ చేతకాదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఓడ నావికుల జబ్బు గుట్టు తేల్చడానికి గినీపిగ్గులకు ఒట్టి ధాన్యం పెట్టి చూశారు. వాటికి అచ్చం స్కర్వీ (సి విటమిను లోపపు జబ్బు) వచ్చింది. సి విటమిను కథలో అది పెద్ద మలుపు. మీ గినీపిగ్గు కుంటుతున్నా, కీళ్లు వాచినా, ఎత్తుకోబోతే నొప్పితో కీచుమన్నా అలిగిందనుకోకండి. క్యాప్సికం ముక్క రోజూ పడుతోందా అని చూడండి. జామ ముక్క కొంచెంగా పెట్టవచ్చు. సి విటమిను చుక్కల మందు నీళ్లలో కలిపితే దాని బలం త్వరగా పోతుంది.

నాలుగో పాదానికి పెద్ద టీక అక్కర్లేదు. గద్దకూ నక్కకూ ఆహారమైన జాతి కన్ను మూసి పడుకోదు. పూర్తిగా మూసుకుని పడుకుందంటే మీ ఇంటిని నమ్మిందని అర్థం.

పద్యంలో పట్టనివి కొన్నున్నాయి. గుర్రుమంటూ పిరుదులు ఊపుకుంటూ నెమ్మదిగా నడిస్తే అది సరసమో పెత్తనమో – ఎదురుగా ఉన్నది ఆడదో మగదో చూసి నిర్ణయించాలి. (ఆడదైతే సుమారు రెండు నెలల్లో కళ్లు తెరుచుకుని పుట్టి, పుట్టిన రోజే పరుగెత్తే పిల్లలు వస్తాయి. అది వేరే కావ్యం.) పళ్లు కటకటలాడిస్తే కోపం, మధ్యలో చెయ్యి పెట్టకండి. నిమురుతుంటే తల ఎగరేస్తే 'ఇక చాలు' అని. రోజంతా బోను కమ్మీలు కొరుకుతుంటే విసుగు, ఒంటరితనం. స్విట్జర్లాండ్ వారు 2008లో తమ జంతు సంరక్షణ నిబంధనల్లో గినీపిగ్గును ఒంటరిగా పెంచరాదని రాసుకున్నారు. మన అపార్ట్‌మెంట్లలో మాత్రం 'పిల్లవాడు ఆడుకుంటాడు కదా' అని ఒక్కదాన్నే తెస్తారు. ఆ పిల్లవాడు ఎనిమిది గంటలు బడిలో ఉంటాడు.

అధ్యాహారం: ప్రతి టీకాకారుడూ మూలంలో లేని మాట తెచ్చి పూరించాలి. ఇక్కడ పూరించాల్సింది ఒక్కటే, నిజమైన జబ్బుకు ఈ జీవి వద్ద మాట లేదు. నొప్పిని బయటపెట్టినది వేటగాడి కంట ముందుగా పడుతుందని దాని పూర్వీకులకు తెలుసు. అందుకే కవి చెప్పిన వింతలన్నీ ఆరోగ్యం, అవి ఆగిపోవడమే రోగం. కూత లేదు, గంతు లేదు, మూలన ముడుచుకుంది, బొచ్చు నిక్కబొడుచుకుంది, పెంటికలు తగ్గాయి – ఇదీ అసలు వింత ప్రవర్తన. 'లంఖణం పరమౌషధం' అన్నది మనుషుల జ్వరానికి. గినీపిగ్గు పేగు గడ్డి కదలికతోనే నడుస్తుంది. ఒక పూట పూర్తిగా తినకపోతే పేగు స్తంభించడం మొదలవుతుంది, రెండో పూటకు ప్రాణం మీదికి వస్తుంది. నోటినుంచి చొంగ కారుతూ మేత జారవిడుస్తుంటే జీవితమంతా పెరుగుతూనే ఉండే దవడపళ్లు అడ్డం తిరిగి ఉంటాయి. అలా కాకుండా ఉండాలంటే రోజూ అందుబాటులో ఎండుగడ్డి ఉండాలి.

మన నేల మీద మరో మాట కలపాలి. కొండల చల్లదనానికి అలవాటుపడ్డ ఈ ఒంటికి 27, 28 డిగ్రీలు దాటితేనే కష్టం. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో అది బోర్లా చాచుకుని పడుకుని గబగబ ఊపిరి తీస్తుంటే, మధ్యాహ్నం కునుకు అనుకోవద్దు. చల్లటి గదిలోకి మార్చండి, చల్లటి నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. ఐసు నీళ్లలో ముంచకండి.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు వంటింటి తూకం మీద వారానికోసారి తమ గినీపిగ్గును తూచి రాసి పెట్టుకుందురు గాక. బరువు తగ్గడం కళ్లకంటే ముందు కాటాకే తెలుస్తుంది. ఇంట్లో మిగిలిపోయిన అమాక్సిసిలిన్ మాత్ర నూరి పోయకుందురు గాక. అది దాని పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి, దాన్నీ చంపుతుంది. కుక్కలు, పిల్లులే కాకుండా ఇలాంటి చిన్న జీవాలను కూడా చూసే పశువైద్యుడు మీ ఊళ్లో ఎవరున్నారో, అది చక్కగా తింటూ తిరుగుతున్న ఈ రోజే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి.