వైవా ఊళ్లో పెట్టండి

పాఠానికీ పరిశోధనకూ, పరిశోధనకూ ఉద్యోగానికీ లంకె కుదరడం లేదని మన విద్యావేత్తలు తెగ బాధపడుతున్నారు. బాధ ముదిరితే సదస్సు పెడతారు. జ్యోతి వెలిగిస్తారు, శాలువాలు కప్పుతారు, ఏదో ఒక కంపెనీతో ఎంఓయూ మీద సంతకాలు చేస్తారు. తెల్లారి జిల్లా ఎడిషన్‌లో ఫొటో పడిందంటే లంకె కుదిరినట్టే లెక్క.

నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు మనకు పరిశోధనతో సంబంధం లేదనుకుంటే పొరపాటే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర తిరిగిన ఊళ్లు మనవి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. కెన్యా, టాంజానియా దాకా పోయింది ఆ పేరు. రోగం మనది, పేరు మనది, పరిశోధన నాగపూర్‌ది. ఇంతకన్నా చక్కని పనుల పంపకం ఏ ఎంఓయూలో ఉంటుంది?

ఆవిష్కరణ కావాలా? ఆలేరు దగ్గర శారాజీపేటకు పోవాలి. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ నూలు తిప్పుతూ చెయ్యి వేలసార్లు ఆడించాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బడి మానేసింది ఆరో తరగతిలో. ఏడుకు పోయుంటే ఏమయ్యేదో!

ఇక వృత్తి నైపుణ్యం అంటారా, దేశంలో ఎన్ని ప్రాజెక్టుల పునాదుల్లో పాలమూరు లేబర్ చెమట లేదు? డ్యాం కట్టినోడికి సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ ఉన్నోడు డ్యాం చూసింది పిక్నిక్‌లో.

మరి మన పిల్లలు పరిశోధన చేయరా అంటే, ఎందుకు చేయరు? ఫైనల్ సెమిస్టర్‌లో జిరాక్స్ షాపు ముందు నిలబడి చూడండి.

“అన్నా, ఎంబీఏ ప్రాజెక్టు ఉన్నదా?”

“మార్కెటింగా, హెచ్ఆరా?”

“ఏదైతేంది? బైండింగ్ మంచిగుండాలె.”

కంప్యూటర్‌లో పాత ఫైల్ తెరుస్తారు, పేరూ హాల్‌టికెట్ నంబరూ మారుస్తారు. కృతజ్ఞతల పేజీలో నిరుటి గైడ్ పేరు అట్లనే ఉండిపోతుంది. ఈసారి గైడ్ గారూ అది చదవరు గనుక ఇబ్బందేం లేదు. పట్టా పుచ్చుకుని అందరూ హైదరాబాద్‌లోని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు బస్సెక్కుతారు. డిగ్రీ మూడేళ్లలో రాని పని అక్కడ మూడు నెలల్లో నేర్పుతామని బోర్డులుంటాయి మరి.

యూజీసీకి ఈ సంగతి తెలియక కాదు. 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పథకం తెచ్చింది. పదిహేనేళ్ల అనుభవం ఉన్న పనిమంతుణ్ణి డిగ్రీలు అడక్కుండా క్లాసుకు పిలవొచ్చు. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాటకూడదంతే. మిగతా తొంభై శాతం నిండాయా అని మాత్రం అడగకండి. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు ధర్నాలో ఉంటే క్లాసు ఎవరు చెప్తారనీ అడగకండి.

ఇంత గింజుకోవడం దేనికి? మర్రిగూడ బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కెమిస్ట్రీ పిల్లలు పరీక్షించాలి. మిర్యాలగూడ రైసుమిల్లు లెక్కలు కామర్స్ పిల్లలు రాయాలి. జడ్చర్ల పక్కనే పోలేపల్లిలో ఫార్మా ఫ్యాక్టరీలున్నాయి, ఫార్మసీ పిల్లలు ఒక సెమిస్టర్ అక్కడే గడపాలి. ఖాళీలు నింపి, వెంట నడిచే గైడ్‌కు జీతం సరిగ్గా ఇవ్వాలి. ఆఖర్న వైవా పంచాయతీ ఆఫీసు ముందు పెట్టాలి. మా నీళ్లలో ఏముంది బిడ్డా అని ముసలవ్వ అడిగితే జవాబు చెప్పగలిగినవాడికే మార్కులు వేయాలి. ఆమెకు జవాబు చెప్పినవాడు ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్తాడు. చెప్పలేనివాడికి వంద సదస్సులు పెట్టినా శాలువాల ఖర్చు దండగ.