బాణాలరావు

పత్తి చేలో కలుపు తీతకి చిక్కకుండా ఇంజినీరింగ్‌లో చేరి, హైదరాబాదులో వెబ్ పేజీలు కట్టే ఉద్యోగం సంపాదించి, సంక్రాంతికి ల్యాప్‌టాప్ సంచితో రైలు దిగే కుర్రాడు వినుకొండలో వీధికొకడుంటాడు. అందులో ఒక రకానికి బాణాలరావని పేరు పెట్టుకుందాం. లోకంలో ఏది చూసినా అతనికి గుండ్రాలూ, వాటి మధ్య బాణాలూ కనిపిస్తాయి. దీన్ని చదువుకున్నవాళ్ళు డైరెక్టెడ్ గ్రాఫ్ అంటారు. గుండ్రం ఒక మనిషో వస్తువో. ఏది ఎవరి నుంచి ఎవరికి పోతుందో బాణం చెబుతుంది. వేలితో లాగితే సాగేట్టు, వదిలితే ఊగేట్టు దాన్ని పేజీలో అతికించే సరంజామా రెడీమేడ్‌గా, చాలామటుకు ఉచితంగానే దొరుకుతుంది. 2011లో డీ3 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చాక దానికి కరువే లేదు. ఊరికే వచ్చింది గనక మనవాడు పెళ్ళి వంటల జాబితాకి కూడా అదే వాడతాడు. గ్రాఫంటే నాకు కోపం లేదు. అతను బాణం మొన ఎటుందో చూడడు, బొమ్మ ఎంత బాగా ఊగుతోందో చూస్తాడు. నా పేచీ అంతా అక్కడే.

మొన విలువ వినుకొండవాడికి ఒకరు చెప్పాలా? సీతను రావణుడు ఎత్తుకుపోయాడన్న కబురు రాముడు ఇక్కడ విన్నాడు గనకే ఇది విన్నకొండ అయిందని స్థలపురాణం. కబురు ఇటు వచ్చింది, ఇటు నుంచి పోలేదు. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టిన గుర్రం జాషువా తన కావ్యంలో గబ్బిలంతో శివుడికి మొర పంపించాడు. అదీ ఒకవైపు బాణమే. అంతదాకా ఎందుకు, అత్త నుంచి కోడలికి పోవలసిన బాణాన్ని ఒక్కసారి తిరగేసి గీయమనండి, ఏ ఇల్లు నిలుస్తుందో చూద్దాం.

ఇక మిర్చి సంగతి. సరుకు రైతు దగ్గర్నుంచి కమీషన్ కొట్టుకి, అక్కణ్ణుంచి గుంటూరు యార్డులో కొనేవాడికి, ధర పడితే కోల్డ్ స్టోరేజీకి పోతుంది. డబ్బు అదే దారిన వెనక్కి, తీరిగ్గా వస్తుంది. బాణాలరావు ఈ రెంటినీ ఒకే బూడిదరంగు గీతలతో, కంటికి ఆనని మొనలతో ఒకే బొమ్మలో కూరతాడు. గుండ్రాలు పదున్నంతవరకూ ముచ్చటగానే ఉంటుంది. మూడొందలయ్యేసరికి చిక్కుపడ్డ దారపుండ. తప్పు పూర్తిగా అతనిదీ కాదు. గుండ్రాల మధ్య స్ప్రింగులున్నట్టు ఊహించి వాటిని సర్దే పద్ధతిని 1984లో పీటర్ ఈడ్స్ చెప్పాడు, ఊగే బొమ్మలన్నీ దాని సంతానమే. స్ప్రింగుకి ఎవరు ఎవరికి దగ్గరో తెలుస్తుంది గాని ఎవరు ఎవరికి బాకీయో తెలియదు. అందుకే ఆ ఊగులాట చూసిన తండ్రి, "ఏందిరా ఇది, సాలెగూడా? మనకు రావాల్సింది ఎంతో చెప్పు ముందు" అంటాడు. బొమ్మ మీద ఇంతకంటే మంచి సమీక్ష రాదు.

లాగి చూసుకోవచ్చు గదా, పెద్దది చేసుకోవచ్చు గదా అని బాణాలరావు వాదిస్తాడు. లాగితే గుండ్రం జరుగుతుంది, బాకీ జరగదు. ఫోన్‌లో అయితే ఇంకా తమాషా. పేజీ కిందికి జరుపుదామని వేలు పెడితే బొమ్మ జరుగుతుంది. దాన్ని ఆపుదామని రెండో వేలు పెడితే నాలుగు రెట్లు ఉబ్బుతుంది. పేజీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చూపు లేనివాళ్ళకి తెరని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి ఆ బొమ్మలో చదవడానికి సాధారణంగా పనికొచ్చేదేమీ దొరకదు. పక్కన నాలుగు వరసల పట్టిక పెట్టవయ్యా అంటే నామోషీ.

అయితే ఇదంతా దండగేనా అంటే కాదు, ఇక్కడ అతని పక్షాన ఒక మాట చెప్పాలి. 1967లో నీళ్ళు వదిలిన సాగర్ కాలువల్నే చూడండి. కుడికాలువ నుంచి బ్రాంచికి, మేజరుకి, మైనరుకి, తూముకి నీరు ఒకేవైపు పోతుంది. ఫలానా షట్టరు దించితే చివరి ఆయకట్టులో ఏ ఊళ్ళు ఎండుతాయన్న ప్రశ్నకి పట్టికలో జవాబు వెతకాలంటే పొద్దుగూకుతుంది. షట్టరు మీద వేలు పెట్టగానే దాని కింది దారంతా ఎర్రబడే బొమ్మ ఒక్క చూపులో చెబుతుంది. అక్కడ అడిగేదే దిశ, చూపేదీ దిశే. ఊగవలసిన పని అసలే లేదు.

అప్పు దగ్గరికొచ్చేసరికి కాలువ లెక్క చెల్లదు. విత్తనాలకీ పురుగుమందులకీ డబ్బు సర్దిన కొట్టుకే పంట తోలే రైతులున్నారు. కొట్టు నుంచి రైతుకి అప్పు, రైతు నుంచి కొట్టుకి మిర్చి బస్తాలు, తీరని బాకీ మీద మళ్ళీ అప్పు: బాణాలు గుండ్రంగా తిరుగుతాయి. పై నుంచి కిందికి వరసలుగా పేర్చే పద్ధతిని 1981లో జపాన్‌లో సుగియామా, ఆయన సహచరులు రూపొందించారు. అందులో ఇలాంటి చక్రం తగిలితే సర్దేంతసేపూ ఒక బాణాన్ని తిప్పి పెట్టుకుని, గీసేటప్పుడు మళ్ళీ సరిచేస్తారు. బాణాలరావుకి అంత ఓపిక ఉండదు. బొమ్మ వంకరగా వస్తోందని అప్పు బాణాన్నే తీసేస్తాడు. ఇక అతని తెర మీద పల్నాటి రైతు ఒక్కడికీ బాకీ ఉండదు.