ఏం గాదు బాపూ!

కొడకండ్ల వైపు పెళ్లిళ్లలో ముహూర్తం పెట్టేది పంతులే అయినా, తలంబ్రాలు ఎప్పుడు పొయ్యాలో చెప్పేది డ్రోన్‌తో వీడియో తీసే డ్రోనన్న. ఆయన బ్యాటరీ మార్చేదాకా వధూవరులు దోసిళ్లు ఎత్తి పట్టుకోవాల్సిందే. మెడలో రిమోట్, రాత్రి పూట కూడా నల్లకళ్లద్దాలు, నోట్లో ఒకటే మంత్రం. కరెంటు తీగలున్నాయంటే "ఏం గాదు బాపూ", గాలి లేచిందంటే "ఏం గాదు", కింద పిల్లలు ఉరుకుతున్నారంటే "ఏం గాదు". ధైర్యవంతుడే, కాదనలేం. కాకపోతే ఆ ధైర్యానికి పందెం ఒడ్డేది మాత్రం బారాత్‌లో ఎగిరే వాళ్ల తలలను.

ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. పేచీ భూమ్యాకర్షణతోనే. విమానానికి ఇంజన్ ఆగినా రెక్కల మీద కొంతదూరం జారుతూ దిగే వీలుంది. నాలుగు ఫ్యాన్ల డ్రోన్‌కు ఒక్కటి ఆగినా మామూలుగా పడిపోవడమే. 900 గ్రాముల యంత్రం వంద అడుగుల పైనుంచి రాలితే, గాలి అడ్డును వదిలేసి లెక్కేస్తే, రెండున్నర సెకన్లలో గంటకు 88 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ రెండున్నర సెకన్లూ డీజే మోగుతూనే ఉంటుంది. పైన ఫ్యాన్ల మోత ఆగిన సంగతి ఎవరికి వినబడాలి? 2015 డిసెంబర్ 22న ఇటలీలోని మడోన్నా ది కాంపిలియోలో ప్రపంచకప్ స్కీయింగ్ పోటీని చిత్రిస్తున్న డ్రోన్, ఆస్ట్రియా ఆటగాడు మార్సెల్ హిర్షర్ వీపు వెనకే కూలింది. రెప్పపాటులో తప్పింది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య తన పోటీల్లో డ్రోన్ కెమెరాలనే వద్దంది. మన డ్రోనన్నకు ఈ కథ చెబితే, "ఆడ మంచు గదా" అంటాడు.

చట్టం సంగతెత్తితే చిరునవ్వు నవ్వుతాడు. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటని నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించిన దానితో సంపాదించుకునేవారికి కావాలి, తప్పితే లక్ష దాకా జరిమానా. అందుకే ఎవరడిగినా ఆయన డ్రోన్ 249 గ్రాములే తూగుతుంది. నిజంగా అంతే తూగినా, సర్టిఫికెట్ అక్కర్లేదంటే నెత్తిన పడదని అర్థం కాదు.

"పొట్టకూటి పని మీద పడతారేం, రోడ్డు మీద ఇంతకంటే ఎక్కువ ప్రమాదాలు జరగట్లేదా" అని అడగొచ్చు. జరుగుతున్నాయి. కానీ రోడ్డెక్కినవాడికి బండి వస్తుందని తెలుసు. పెళ్లికొచ్చినవాడు పప్పన్నం కోసం వచ్చాడు, పైన వేలాడే ప్రమాదానికి ఒప్పుకుని రాలేదు. "ఇన్ని పెళ్లిళ్లయ్యాయి, ఏమైంది" అనేది మరో వాదన. పడలేదనడం లెక్కే గానీ, పడదనడానికి హామీ కాదు. ఆయన పొట్ట కొట్టనక్కర్లేదు కూడా. డ్రోన్‌ను జనం నెత్తిమీద కాక ఖాళీ పొలం మీద ఎగరేసి, పక్కనుంచి కెమెరా వంచి తిప్పితే పందిరీ వస్తుంది, బారాతూ వస్తుంది. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే పెళ్లిపెద్దలు ఎంత ఎత్తు లేస్తుందని కాదు, పడితే ఎక్కడ పడుతుందని అడగాలి. "పడదు బాపూ" అన్నవాడికి కాక, చెయ్యి చాపి ఖాళీ జాగా చూపించినవాడికే పని ఇవ్వాలి.