చేపకు చెప్పి వచ్చారా?

ఇప్పుడు పండుగప్ప వంతు వచ్చింది. శుభలేఖలో మాటలు, ఆవకాయలో ఉప్పు కొలత, అబ్బాయికి ఇంజనీరింగ్ కాలేజీ, అన్నీ ఏఐని అడగడం అయిపోయింది కదా. శనివారం రాత్రి హైదరాబాదులోనో బెజవాడలోనో ఫోను తీసి దివిసీమలో రేపు గాలం ఎక్కడ వెయ్యాలని అడగడం, అది గీసిచ్చిన పథకం పట్టుకుని తెల్లారేసరికి నాగాయలంక రేవులో దిగడం ఈ ఏటి ఫ్యాషన్. పథకంలో లేనిదంటూ లేదు. బయల్దేరే వేళ, దారిలో టిఫిను, గాలి వాలు, కొనాల్సిన ప్లాస్టిక్ ఎర రంగు, అన్నిటికీ కింద ముద్ద అక్షరాల్లో ఓ తీర్పు: పండుగప్ప పడే అవకాశం 82 శాతం. చేపకొక్కదానికే ఈ సంగతి తెలియదు. తెలిస్తే మాటకు కట్టుబడి వచ్చేదేమో.

ఈ 82ని అంత తేలిగ్గా వదలబుద్ధి కావడం లేదు. దేనిలో 82? వందసార్లు గాలం వేస్తే 82 సార్లు పడుతుందనా, వందమంది వెళ్తే 82 మందికి పడుతుందనా, వంద ఆదివారాల్లో 82 ఆదివారాలనా? అరకిలో పిల్ల పడినా లెక్కేనా, ఐదు కిలోలది పడితేనే లెక్కా? శాతం అన్న మాట నోట్లోంచి రావాలంటే కింద ఒక పద్దు ఉండాలి. ఇంతమంది వెళ్లారు, ఇంతమందికి పడింది, ఇంతమంది ఉత్తచేతులతో వచ్చారు అని ఎవరో ఒకరు కూర్చుని రాసి ఉండాలి. దివిసీమ ఉప్పుటేళ్లలో గాలం వేసినవాళ్ల పద్దు రాసిందెవరు? సర్కారు లెక్కల్లో ఉండేవి రేవుకు చేరిన టన్నులు. గాలం వేసి, ఎండకు మాడి, ఏమీ పడక ఇంటిదారి పట్టినవాడు ఏ రిజిస్టరులోనూ ఎక్కడు. వాడు ఫొటో కూడా పెట్టడు. రెండు చేతులతో చేపను ఎత్తిపట్టుకుని పళ్లికిలించేవాడే ఫొటో పెడతాడు. యంత్రం చదువుకున్నది ఈ పళ్లికిలింపులను. దాని లోకంలో గాలానికి చేప పడకపోవడమనేదే అరుదైన సంఘటన.

పోనీ అది మాటవరసకు చెప్పిన అంకె అనుకుందాం. అలాంటప్పుడు 80 అంటే సరిపోయేదిగా, ఆ పైన రెండెందుకు? అసలు కిటుకంతా ఆ రెండులోనే ఉంది. ఎనభై అంటే ఎవరో ఉజ్జాయింపుగా అన్నారనిపిస్తుంది, 82 అంటే ఎవరో కొలిచారనిపిస్తుంది. చీరకు వెయ్యి అనకుండా 999 అని చీటీ అంటించే కొట్టువాడి తెలివే ఇది. తరవాత ఏ మాట వస్తే వాక్యం నప్పుతుందో చూసి కూర్చే యంత్రం, ఆ చోట ఒక అంకె ఉంటే బాగుంటుందని చూసింది, వేసింది. అదే ప్రశ్న ఇంకో పది నిమిషాలాగి అడగండి, 74 అనొచ్చు, 88 అనొచ్చు. ఈ పది నిమిషాల్లో కృష్ణలో మారిందేమీ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ మళ్లీ దొరకదు. అయినా చదువుకున్నవాళ్లు, ఆఫీసులో నెలకోసారి లెక్కలు అప్పజెప్పేవాళ్లు, ఈ అంకెను పట్టుకుని పడవవాడితో వాదిస్తున్నారే, అక్కడే నాకు ఒళ్లు మండేది.

ఎందుకంటే ఆ పడవవాడికి తెలిసిందీ యంత్రానికి తెలియందీ చాలా సాదా విషయం. పాటు తీసేటప్పుడు మడ అడవి లోపలి సన్న పాయల్లోంచి నీళ్లు పెద్ద ఏటిలోకి దిగుతాయి. నీళ్లతోపాటు రొయ్య పిల్లలు, కొయ్యింగ పిల్లలు కొట్టుకొస్తాయి. ఆ పాయ మొగలో, ప్రవాహం ఒక సుడి తిరిగి నెమ్మదించే మూలన, పండుగప్ప కాచుకుని ఉంటుంది. తిండి కోసం అది ఊరంతా తిరగదు, తిండే దాని నోటి ముందుకు వస్తుంది. ఆ వేళ తప్పితే అక్కడ ఉన్నది బురద నీళ్లే. ఆ వేళ ఏ రోజుకారోజు జరుగుతుంది, ఇవాళ్టికంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. పున్నమికీ అమావాస్యకీ నీళ్లు బలంగా లాగుతాయి, అష్టమి రోజుల్లో మందగిస్తాయి. హంసలదీవి దగ్గర పాటు మొదలైనా పైన నాగాయలంక వైపు ఇంకా పోటు ఎక్కుతూ ఉండొచ్చు. ఇన్ని తేడాలున్న చోట యంత్రం దివిసీమ మొత్తానికి కలిపి ఒకే ముహూర్తం పెడుతుంది. పులిగడ్డ దగ్గర చీలి, కిందికి పోయేకొద్దీ మళ్లీ మళ్లీ చీలే నది దానికి పటం మీద ఒక నీలి గీత.

అదలా ఎందుకంటుందో ఊహించడం కష్టం కాదు. గాలం వేట గురించి అది చదివిన రాతల్లో చాలా భాగం అమెరికా సరస్సులవి, అక్కడి బాస్ చేపవి. అది మంచినీటి చేప. వసంతంలో నీళ్లు వెచ్చబడగానే ఒడ్డువార గూడు చేసుకుంటుంది, గుడ్లకు మగచేప కాపలా ఉంటుంది. మన పండుగప్ప బతుకే వేరు. పిల్లప్పుడు ఏట్లోనూ మడ పాయల్లోనూ పెరిగి, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటి మొగకు దిగుతుంది. మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు పెద్దదై ఆడదిగా మారుతుంది. అంటే నలుగురికీ చూపించుకోవడానికి పెద్ద చేపే కావాలని పంతం పట్టినవాడి గాలానికి తగిలేది దాదాపు ఎప్పుడూ తల్లి చేపే. ఈ తేడా ఏదీ పథకంలో కనపడదు. అక్కడి వసంతం లెక్క ప్రకారం మనకు ఏప్రిల్, మే నెలలు బ్రహ్మాండమని సలహా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను పడవలు సముద్రంలో వేటకు పోకూడదు, ఆ 61 రోజులు ఇంటిపట్టున ఉన్నందుకు ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇప్పుడు 20,000 రూపాయలు ఇస్తోంది. యంత్రం మాత్రం బయల్దేరమంటుంది. మడ అడవి అంచుల్లో ప్రశాంతమైన చోట్లున్నాయని కూడా చెబుతుంది. అది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యమనీ, అటవీ శాఖ అనేది ఒకటుందనీ చెప్పడం మరిచిపోతుంది.

గుడివాడ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఉపగ్రహ చిత్రంలో గుడివాడ చుట్టూ కనపడే ప్రతి నీలి పలకనూ సరస్సు అనుకుని అక్కడ గాలం వేసుకోమనే పథకాన్ని నమ్మి వెళ్లినవాడికి, ఆ సరస్సు గట్టు మీద బొచ్చెకు, శీలావతికి, ఫంగస్‌కు మేత వేయించే కౌలుదారు, ఆయన కాపలా మనిషి, ఆ మనిషి కుక్క ఎదురవుతారు.

ఇలా రాస్తే యంత్రాలంటే గిట్టనివాడినంటారు. బందరు గిలకలదిండి హార్బరులో మరబోట్లకు జీపీఎస్ ఉంది, చేపల గుంపును చూపే పరికరాలున్నాయి. వాటి మీద ఎవరికీ కోపం లేదు. హైదరాబాదులో 1999లో ఏర్పడ్డ ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రం పైపొర వేడిమినీ, నీటిలోని పచ్చదనాన్నీ ఉపగ్రహాలతో చూసి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున ఇంత దూరంలో ఇంత లోతులో చేప ఉండే అవకాశముందని చెబుతుంది. అదీ అంచనాయే. కానీ దేన్ని కొలిచి చెబుతోందో చెబుతుంది. వేట నిషేధం రోజుల్లో సలహా ఇవ్వదు. మబ్బు కమ్మి ఉపగ్రహానికి సముద్రం కనపడకపోతే ఇవాళ సమాచారం లేదని చెప్పడానికి సిగ్గుపడదు. మన వాట్సాప్ జ్యోతిష్కుడి నోట తెలియదు అన్న మాట ఎప్పుడైనా వచ్చిందా? 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమ ఇది. అంచనా తప్పితే ఏమవుతుందో, ఎవరు జవాబు చెప్పాలో ఇక్కడి జనానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తరవాతి కాలంలో బందరులో పెట్టిన డాప్లర్ రాడార్ వెనక ఒక శాఖ ఉంది, హెచ్చరిక కింద ఒక పేరు ఉంటుంది, తప్పయితే తిట్టడానికి ఒక మనిషి ఉంటాడు. పాటు తీసి పడవ బురద దిబ్బ మీద కూర్చుంటే, మీ పథకం వేసిన పెద్దమనిషిని ఏ నంబరుకు పిలుస్తారు? క్షమించండి, మీరన్నది నిజమే, అని ఇంకో పథకం ఇస్తుంది, అంతే.

ఇంకో వాదన ఉంది. పడవ నడిపే బాబాయ్ చెప్పేది మాత్రం శాస్త్రమా, అదీ ఊహేగా అని. ఊహే. కానీ ఆ ఊహ తప్పితే ఆయన డీజిలు తగలబడుతుంది, ఆయన ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమవుతుంది. తప్పినప్పుడల్లా నష్టపోయినవాడి ఊహకు పదును వస్తుంది. నష్టం అంటనివాడి ఊహకు నునుపు వస్తుంది. సమాచారం పెరిగితే యంత్రమూ నేర్చుకుంటుందంటారు. ఎవరి సమాచారం? బాబాయ్ తాతల నాటినుంచి కాపాడుకున్న పాయ మొగలను మీరు ఫొటోతో సహా, అక్షాంశ రేఖాంశాలతో సహా దానికి అప్పజెప్పితే నేర్చుకుంటుంది. ఆ తరవాత ఆదివారం అక్కడ ఇరవై పడవలుంటాయి. ఈ సరదా బాగా ఉన్న అమెరికాలోనే, నీటి కింద చేపను అప్పటికప్పుడు తెర మీద చూపించే సోనార్లతో పోటీలు పోటీల్లా లేవని గొడవ రేగి, మేజర్ లీగ్ ఫిషింగ్ సంస్థ 2025లో తన పెద్ద టూరులో రోజులోని మూడు భాగాల్లో ఒక్కదానిలోనే వాటిని వాడనిచ్చింది. నిజంగా చేపను చూపించే యంత్రానికే వాళ్లు హద్దు గీశారు. చూపించనిదానికి మనం హారతి పడుతున్నాం.

ఇక అసలు కడుపుమంట. చేప ఎక్కడుందని ఇంతమంది ఇంత శ్రద్ధగా అడుగుతున్నారు. చేప ఎందుకు తగ్గిందని ఒక్కరు అడగరు. పండుగప్పకు కావాల్సింది ఏటి మొగలో మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలవడం. 1901కీ 1960కీ మధ్య కృష్ణ ఏటా సగటున సుమారు 2,000 టీఎంసీల నీళ్లు సముద్రానికి చేర్చేది. బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకూ పంచింది. పంచినప్పుడు మొగ తరఫున వాదించడానికి వకీలు లేడు, చేపకు వాటా లేదు. 2000 దాటాక వచ్చిన కరువు ఏళ్లలో సముద్రానికి చేరింది దాదాపు సున్నా. ప్రకాశం బ్యారేజీ గేట్ల కింద ఇసుక కనపడే నెలలు ఎన్నో, ఆ దారిన కారులో దిగేవాళ్లందరూ చూస్తారు. అలాంటిది 2024 సెప్టెంబరు 2న అదే బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు దూకింది. చుక్క లేకపోవడం, లేకపోతే ఊళ్లు ముంచడం, ఇదీ ఇప్పటి నది తీరు. ఈ రెంటికీ సగటు తీసి ఆదివారానికి జాతకం చెప్పే యంత్రాన్ని ఏమనాలి? వరద రోజుల్లో ఇన్ని నీళ్లు వృథాగా సముద్రం పాలయ్యాయని పత్రికలు గుండెలు బాదుకుంటాయి. వృథా అయిన ఆ నీళ్లే పండుగప్ప పురిటి నీళ్లు. రొయ్యల చెరువుల మురుగు డ్రెయిన్ల వెంట ఉప్పుటేళ్లలో కలుస్తోంది. పండుగప్ప పిల్ల పెరిగే మడ పాయలు చెరువు గట్లకు బలయ్యాయి. ఇవేవీ అడగకుండా ఎర ఏ రంగుది కొనాలని అడుగుతున్నారే! రంగుకు జవాబిచ్చినంత తొందరగా బ్యారేజీ గేట్లు ఎప్పుడు ఎత్తాలో చెబుతుందేమో ఒకసారి అడిగి చూడండి.

వారానికోసారి ఊపిరి పీల్చుకునే ఉద్యోగస్థుడి సరదా మీద ఇంత విరుచుకుపడాలా అంటారు. సరదాను కాదనడం లేదు. చేప పడకపోవడం కూడా ఆ సరదాలో భాగమే, దాన్ని తీసేయడానికి డబ్బు కట్టేవాళ్లను చూస్తేనే జాలి. పడవ ఎలాగూ అద్దెకు తీసుకుంటారు, నడిపే మనిషి ఎలాగూ ఎదురుగా కూర్చుంటాడు. పాటు ఎప్పుడు తీస్తుందని ఆయన్ను అడిగితే ఉచితంగా చెబుతాడు. అలా కాదు, ఫోనే కావాలంటే ఈ పథకాలు అమ్మే కంపెనీల్లో ఒక్కటైనా ముందుకొచ్చి, మేం చెప్పిన చోట చేప పడకపోతే ఆ రోజు డీజిలు ఖర్చు మాది అని కాగితం మీద రాసివ్వమనండి. అది వచ్చేదాకా నాగాయలంక, ఎదురుమొండి పడవవాళ్లకు నా సలహా ఒకటే. చేతిలో పథకం పట్టుకుని వచ్చినవాళ్ల దగ్గర కిరాయి ముందే వసూలు చేయండి.