డజను పెద్దనాన్న

హైదరాబాద్‌లో నాలుగిళ్ల చుట్టాలున్న ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒక డజను పెద్దనాన్న ఉంటాడు. ఊరి నుంచి ఎవరు దిగినా, విదేశం నుంచి ఎవరు వాలినా "సిటీ నేను చూపిస్తా" అని ముందుకొచ్చేది ఆయనే. ఏదో సర్కారు కొలువులో రిటైరై ఉంటాడు. దగ్గర మూడు వస్తువులు తప్పనిసరి: మడతపెట్టిన గుడ్డసంచి, బాల్‌పెన్ను, పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం. ఆయన దృష్టిలో నగరమంటే బేగంబజార్ హోల్‌సేల్ మార్కెట్. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, మూసీ వగైరాలన్నీ అక్కడికి పోయే దారిలో తగిలేవి.

ముందురోజు రాత్రే వాట్సాప్‌లో చాటింపు పడుతుంది: "రేపు బేగంబజార్ పోతున్న. ఎవరికేం గావాలె?" వరంగల్ చెల్లెలికి పప్పు డబ్బా, కరీంనగర్ మరదలికి ఇడ్లీ పాత్ర, డల్లాస్ మేనకోడలికి ఇత్తడి కుందులు. పెన్ను తీసి అన్నీ రాసుకుంటాడు. ఇక టోక్యో నుంచి సెలవుల్లో వచ్చిన తమ్ముడి కొడుకు, కోడలు, వాళ్ల పాప చార్మినార్ చూడాలంటారు. చూపిస్తాడు. కాదనే మనిషి కాదు.

"1591ల కట్టిండ్రు. ఇన్నేండ్ల సంది ఎక్కడికీ పోలే, ఇగ పోదు గూడ. దుకాణాలోళ్లు షట్టర్లు దించేస్తరు, నడువుండ్రి!" మెట్ల దగ్గర క్యూ చూసి, పాపతో కింద నుంచే నాలుగు మినార్లూ లెక్కపెట్టించి దర్శనం అయిపోయిందంటాడు. లాడ్‌బజార్‌లో కోడలు లక్కగాజుల ముందు ఆగిపోతుంది. మెత్తబడ్డ లక్కను గుండ్రంగా తిప్పి, వేడి ఆరకముందే ఒక్కో రాయీ అద్దడం తీరిగ్గా నిలబడి చూడాల్సిన పనే. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెద్దనాన్న మాత్రం దుకాణం గడప తొక్కడు. "ఒక్క జత కొంటరా ఎవరన్న?" అని రోడ్డు మీదే నిలబడి కుమిలిపోతాడు.

మధ్యాహ్నం పన్నెండుకు సాలార్‌జంగ్ మ్యూజియం. గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తారు. ఈయన గంట బరువు అంచనా వేస్తుంటాడు. జపాన్ పింగాణీ దగ్గర అబ్బాయికి మాట్లాడే అవకాశం దొరుకుతుంది.

"అక్కడ కప్పులు సెట్టుకు అయిదే ఉంటాయి పెద్దనాన్నా. నాలుగు వాళ్లకు అశుభం."

"అయిదేంది రా? చుట్టాలొస్తే చాయ్ పొయ్యరా?"

"వంద యెన్ల కొట్లు కూడా ఉంటాయి. లోపల దాదాపు అన్నిటికీ అదే ధర."

"మరి బేరం?"

"ఉండదు."

పెద్దనాన్నకు ఆ దేశం మీద నిజంగా జాలేస్తుంది. "అయితే గాడ ముసలోళ్లు దినమంత ఏం జేస్తరు రా?"

ఆటో నయాపూల్ దాటుతుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 1908 మూసీ వరదలో కొమ్మలెక్కిన 150 మందిని కాపాడిందని పాపకు చెప్పి, వెంటనే కోడలి వైపు తిరుగుతాడు: "చింతపండు మాత్రం ఉస్మాన్‌గంజ్‌ల తీసుకోవాలె."

బేగంబజార్ జాగా రెండో నిజాం భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చింది. "జాగా పుణ్యానికొచ్చింది, గందుకే రేట్లు గింత తక్కువ" అన్నది పెద్దనాన్న అర్థశాస్త్రం. ఆ రాయితీ నేటికీ తన పేరునే జమ అవుతోందని ఆయన నమ్మకం. తోపుడు బండ్లు, హమాలీల "హటో హటో", మిర్చి ఘాటుకు తుమ్ములు. ఈ సందట్లో కోడలు పాపకోసం స్టీలు డబ్బా ఒకటి అడుగుతుంది. సేఠ్ తలెత్తకుండా "డజన్" అంటాడు. పొద్దుట్నుంచి ముడుచుకున్న పెద్దనాన్న మొహం అప్పుడు విచ్చుకుంటుంది.

డబ్బాను వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. అంచు చుట్టూ బొటనవేలు తిప్పి గీసుకుంటుందేమో చూస్తాడు. అయస్కాంతం ఆనిస్తాడు, అంటుకుంటే ఆ సరుకు పక్కకు పోవాల్సిందే. "క్యా సేఠ్, పురానే గిరాక్ కు భీ యహీచ్ రేట్?" సేఠ్ క్యాలిక్యులేటర్ మీద ఒక అంకె కొట్టి ఇటు తిప్పుతాడు. పెద్దనాన్న దాన్ని చెరిపి తన అంకె కొట్టి అటు తిప్పుతాడు. కుదరకపోతే కుటుంబం మొత్తం లేచి పదడుగులు నడవాలి. వెనక్కి తిరిగి చూసినవాళ్లు ఇంటిద్రోహులు. సేఠ్ పిలుస్తాడు. ఎప్పుడూ పిలుస్తాడు.

తెలియనివాళ్లు ఆయన్ను పిసినారి అంటారు. పిసినారి ఒక్కటీ కొనడు, ఈయన పన్నెండు కొంటాడు. ఇల్లూ పొలమూ పంచుకుని, గట్లేసుకుని, పెళ్లి పీటల దగ్గర తప్ప పలకరించుకోని అన్నదమ్ములు కూడా హోల్‌సేల్ రేటు దగ్గర ఒక్కటవుతారు. ఎన్నాళ్లుగానో ఉలుకూ పలుకూ లేని చిన్నతమ్ముడు "నాకొకటి" అని గ్రూపులో రాశాడంటే అది డజను మహిమే. పన్నెండు గడపలు లేనిదే ఆ రేటు రాదు. ఆ రేటు కోసమే పెద్దనాన్న గడపలన్నీ గుర్తుపెట్టుకుంటాడు.

కడుపు నిండితే బేరం సాగదు కాబట్టి, అప్పటిదాకా గల్లీ కచోరీ, జిలేబీలతోనే సరి. సంచులు నిండాక 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్ గడియారం కింద తలా ఒక పండ్ల ఐస్‌క్రీమ్. ఆయన చిల్లరగా కొనేది అదొక్కటే. డజను రేటు అడిగే ఉంటాడు, వరంగల్ చేరేలోపు కరుగుతుందని వదిలేసి ఉంటాడు.

రాత్రి హాల్లో చాప పరిచి పంపకాలు. పదకొండు ఇళ్లకు పదకొండు డబ్బాలు పోగా ఒకటి మిగులుతుంది. అందరి చూపూ దానిమీదే. పెద్దనాన్న తొణకడు. "గది మరదలు బిడ్డకు. రేపు కాపురం బెడితే కావాలె గద!" ఆ పిల్ల ఇంకా ఇంటర్ చదువుతోంది. డబ్బా వచ్చేసింది, పెళ్లికొడుకే తక్కువ. అతన్నీ తనే చూసిపెడతానని పెద్దనాన్న మాటిచ్చాడు. మరదలి దిగులల్లా ఒక్కటే: బేగంబజార్‌లో గనక చూశాడంటే, డజనుకు తక్కువ ఇవ్వరు.