బొమ్మ అయిపోయాక బాదుడు

సాలార్‌జంగ్ మ్యూజియంలో రోజూ హౌస్‌ఫుల్ అయ్యే ఆట ఒక్కటే, కుక్ అండ్ కెల్వీ కంపెనీ వారి గడియారం. గంట కొట్టే వేళకి జనం పిల్లాజెల్లాతో వచ్చి సర్దుకుని కూర్చుంటారు. లోపల్నించి గడ్డం బొమ్మ ఒకటి బయటికొస్తుంది, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొడుతుంది, వెళ్లిపోతుంది. జనమూ లేచి పక్క గదికి పోతారు. మిట్టమధ్యాహ్నం వెళ్లినా పన్నెండు దెబ్బలతో బయటపడొచ్చు. “ఇప్పుడు గడియారం తయారుచేసినవారితో ముఖాముఖి” అంటూ ఎవరూ మైకు పట్టుకోరు. దానికింకా జనం తగ్గకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

అదే మ్యూజియంలో సినిమా అంటే, దెబ్బలకు లెక్క లేదు.

ఆహ్వానపత్రం ముందే హెచ్చరిస్తుంది: ‘ప్రదర్శన, అనంతరం దర్శకబృందంతో చర్చ’. సినిమా పాతబస్తీ మీదే. చార్మినార్ మీద డ్రోను, ఎగిరే పావురాలు, లాడ్ బజార్‌లో లక్క కరిగే కొలిమి, పొగలు కక్కే చాయ్, షాయరీ చెప్పే ఒక తాత. నలభై నిమిషాల్లో అయిపోతుంది. లైట్లు వెలుగుతాయి. తలుపు దగ్గర కూర్చున్న అనుభవజ్ఞులు అప్పటికే నయాపూల్ దాటేసి ఉంటారు. మిగిలినవాళ్లం దొరికిపోతాం.

శాలువాలవుతాయి. సమన్వయకర్త తనకీ దర్శకుడికీ ఉన్న పాత పరిచయాన్ని పావుగంట నెమరేసుకుంటాడు. దర్శకుడు “నా సినిమాను నేను వివరించను, అది ప్రేక్షకుడి స్వేచ్ఛ” అని మొదలుపెట్టి, సినిమాకన్నా ఎక్కువసేపు వివరిస్తాడు. ఆ పావురం ఎందుకెగిరిందో కూడా చెబుతాడు. పాపం, గింజలు వేస్తే ఎగిరింది కాబోలనుకున్న మేం తలలు దించుకుంటాం.

ఆపైన సభ నుంచి ప్రశ్నలు. “ఇది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య” అని లేచే పెద్దమనిషి ప్రతి చర్చలోనూ ఉంటారు. ఆయన 1591లో కులీ కుతుబ్‌షా దగ్గర ఎత్తుకుంటారు. 1908 మూసీ వరద దాకా వచ్చేసరికి అటెండరు తాళాలగుత్తి ఆడిస్తుంటాడు. ఒక కుర్రాడు “ఏ కెమెరా వాడారు సార్?” అంటాడు. ఆ సాయంత్రం సూటిగా జవాబు దొరికే ప్రశ్న అదొక్కటే. సినిమాలో కొలిమి ముందు కనబడిన గాజులాయన వెనక వరసలో చెయ్యెత్తుతాడు. సమయాభావం వల్ల చర్చ ముగిస్తారు.

దక్కనీలో మాట్లాడిన సినిమా మీద ఇంగ్లీషులో కొట్టుకున్నదాన్ని ‘పాతబస్తీతో సంభాషణ’ అని మర్నాడు పత్రికలో వేయిస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడ.

చర్చే వద్దనను. దీపా ధన్‌రాజ్ తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ లాంటి సినిమా చూసి నోరు మూసుకుని ఇంటికి పోవడం కుదరదు. (ఆ పేరు వినగానే మనవాళ్లకి సిగరెట్ వద్దనే ప్రకటనో, 2018 నాటి తరుణ్ భాస్కర్ సినిమానో గుర్తొస్తుంది, అది వేరే విషాదం.) 1984 నాటి మతకలహాల మీద 1986లో వచ్చిన డాక్యుమెంటరీ అది. అల్లర్లూ కర్ఫ్యూలూ అనుభవించినవాళ్లే అందులో మాట్లాడారు. దాన్ని డిజిటల్‌గా పునరుద్ధరించింది ఎవరు? బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ. మన గల్లీలో మాట అంతదూరం వెళ్లి బాగుపడింది. అలాంటి బొమ్మ వేసినప్పుడు మైకు అందాల్సింది ఆ గల్లీల్లో కర్ఫ్యూ గడిపినవాళ్లకి. వేదిక మీద కుర్చీలకేం పని?

చర్చించడం పాతబస్తీకి చేతకాదనుకుంటే మన అజ్ఞానం. 2005లో ‘ది అంగ్రేజ్’ సినిమా వచ్చింది. అందులో ఇస్మాయిల్ భాయ్, అతని గ్యాంగు చార్మినార్ దగ్గర కూర్చుని కొట్టిన కబుర్లను నగరమంతా కంఠతా పట్టేసింది. ఏ ఇరానీ హోటల్లో కూర్చున్నా దాని మీద రెండు వాదాలు, మూడు చాయ్‌లు. సమన్వయకర్త లేడు, శాలువా లేదు. దర్శకుడెవరో అడిగినవాడూ తక్కువే.

నిర్వాహకులకు ఒక మనవి. పాతబస్తీలో చాలామందికి కాస్త తీరిక దొరికేది శుక్రవారం నమాజు తర్వాత. మ్యూజియానికి సెలవు కూడా శుక్రవారమే! ఆ ఒక్కరోజు తలుపులు తీసి బొమ్మ వేయండి. గాజులాయన్ని వేదికెక్కించండి, ఆయన ఎంతసేపు మాట్లాడితే అంతసేపు విందాం. దర్శకుణ్ణి వెనక వరసలో కూర్చోబెట్టండి. చెయ్యెత్తుతాడు, సందేహం లేదు. సమయాభావం ఉండనే ఉంది కదా.