కొంచెం దీనంగా చూడండి

గోదావరిఖనిలో సర్కారు బడి హెడ్మాస్టరుగా నెగ్గుకు రావాలంటే బీఈడీ ఒక్కటే చాలదు, యాచనలో పీజీ కూడా కావాలి. ఆ కోర్సు ఏ యూనివర్సిటీలోనూ లేదు కాబట్టి పాపం వేసవి సెలవుల్లో ఆయనే సొంతంగా నేర్చుకుంటాడు. ముప్పై బల్లలు, రెండు మరుగుదొడ్లు, కూలిన చోట పది గజాల ప్రహరీ. కోరిక అంతే. ఈ మూడు ముక్కలూ తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే మాత్రం ఎవరూ ఇవ్వరు. 'ప్రపోజల్' కావాలి. అందులో కథ ఉండాలి, కన్నీరుండాలి, కన్నీటికి ఎక్సెల్ షీటుండాలి. చివర్లో ఇచ్చేవాళ్ల గొప్పతనం ఒక పేరా ఉండాలి.

దాతలకు కరువున్న ఊరైతే సరిపెట్టుకోవచ్చు. గోదావరిఖని ఉన్న రామగుండానికి ఆ బాధ లేదు. ఒక దిక్కు సింగరేణి, రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్న బొగ్గు కంపెనీ. ఇంకో దిక్కు 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, దాని పక్కనే 1,600 మెగావాట్ల కొత్త ప్లాంటు. మూతపడ్డ ఎరువుల కంపెనీ ఎఫ్‌సీఐ జాగాలో లేచిన ఆర్‌ఎఫ్‌సీఎల్ యూరియా ఫ్యాక్టరీ. ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు చల్లగా తేలుతూ ఉంటాయి. ఇందరు మహారాజపోషకుల నడుమ ఏప్రిల్ ఎండలో ఐదో తరగతి గదిలో ఫ్యాను తిరగడం లేదంటే తప్పు ఎవరిది? ప్రపోజల్ రాయడం రాని హెడ్మాస్టరుదే.

ఆయన బాగు కోరి నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. కన్సల్టెన్సీ ఫీజు అక్కర్లేదు.

ముందుగా భాష. 'మాకు రావాల్సింది' అనే మాట కలలో కూడా రాయొద్దు. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ అని ఒకటుందనీ, పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టి తీరాలని అందులో ఉందనీ, తాము పనిచేసే చోటుకూ చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుందనీ మీకు తెలిసినా తెలియనట్టే ఉండాలి. చట్టం గుర్తుచేసిన హెడ్మాస్టరు ఫైలు ఆ ఖర్చు చూసే సీఎస్‌ఆర్ సెక్షన్ నుంచి లీగల్ సెక్షన్‌కు పోతుంది, అక్కడి నుంచి ఫైళ్లు తిరిగిరావు. 'తమ విశాల హృదయం', 'తమ చల్లని చూపు', 'సదా రుణపడి ఉంటాము' ఇవీ వాడాల్సిన మాటలు. అప్పున్నవాడు అప్పిచ్చినవాడితో 'రుణపడి ఉంటాను' అని రాయించుకోవడం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, మన దగ్గర దానికి నమూనా ఫారం కూడా ఉంది.

ఇక ఫొటో. ప్రపోజల్‌కు ప్రాణం ఫొటోయే. ఆ కార్యక్రమం ఎలా జరుగుతుందో దగ్గరుండి చూసిన వైభవం చెబుతాను. ఫొటో దిగుతారని ముందురోజే చెప్పారు గనక పిల్లలంతా తలకు నూనె రాసుకుని, కొత్త యూనిఫాం వేసుకుని వచ్చారు. మొదటి దెబ్బ అక్కడే పడింది. ప్రపోజల్ రాసిపెట్టడానికి వచ్చిన యువకుడు ఫోను ఎత్తి చూసి నిట్టూర్చాడు. "గింత మంచిగుంటే ఎట్ల సార్? పాత డ్రెస్సులు లేవా?" గదిలో సగం మందికి బల్లలున్నాయి, మిగతా సగం కోసమే ఈ తిప్పలు. ఉన్న బల్లల్ని నలుగురు పిల్లలతో పక్కగదిలోకి మోయించారు. అందరినీ నేల మీద కూర్చోబెట్టారు. పిల్లలకు నేల మీద కూర్చోవడమంటే పండగ, ఒకరి మీద ఒకరు పడి కిలకిలా నవ్వుతున్నారు. "నవ్వకుండ్రి బిడ్డా, జర కిందికి చూడుండ్రి. నవ్వితే బల్లలు రావు." రెండు జడల పిల్ల ఒకతి, ముందుపళ్లు రెండూ ఊడినది, చెయ్యెత్తింది. "సార్, మరి బల్లలొచ్చినంక నవ్వొచ్చా?" అప్పుడు నవ్వొచ్చట. అది రెండో ఫొటో. దాన్ని వార్షిక నివేదిక అట్టమీద వేస్తారు.

మరీ ఏడుపుముఖాలు కూడా పనికిరావు. పిల్లలు మరీ దీనంగా కనిపిస్తే 'మా గనుల పక్కన పిల్లలు ఇట్లున్నారా' అని ఎవరైనా అడిగే ప్రమాదముంది. వెనక కిటికీలోంచి గనిలో తవ్విపోసిన ఓబీ మట్టి గుట్ట కనబడకుండా చూసుకోవాలి. పేదరికం కనబడాలి, దాని అడ్రసు కనబడకూడదు. కెమెరా కోణమంటే అదీ.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను, అది మీకు నాకంటే బాగా తెలుసు. బడి పేరుతో పూర్వ విద్యార్థులు ఒక సొసైటీ పెట్టుకుంటే దానికి పాన్ కావాలి, 12ఏ, 80జీ కావాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 నంబరూ కావాలి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు జతచేయాలి. చాక్‌పీసులు కొనడానికి అప్పు చేసే బడికి చార్టర్డ్ అకౌంటెంటు ఎక్కడి నుంచి వస్తాడని అడక్కండి. ప్రపోజల్‌లో 'సామర్థ్యాల పెంపు' అనే శీర్షిక పెట్టి అతని ఫీజు కూడా అందులోనే అడగొచ్చు.

లబ్ధిదారుల దగ్గర మాత్రం జాగ్రత్త. బడిలో 'కార్మికుల పిల్లలు' చదువుతున్నారని గర్వంగా రాసేస్తారు, మునిగిపోతారు. కంపెనీ తన ఉద్యోగుల కోసమే చేసే పని సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదని నియమాల్లో ఉంది. అయితే భయం లేదు. పర్మినెంటు కార్మికుడు అప్పో సప్పో చేసి పిల్లల్ని కార్పొరేటు హాస్టల్‌లో వేశాడు. మీ దగ్గర మిగిలింది కాంట్రాక్టు కార్మికుడి పిల్లలు, వలస వచ్చినవాళ్ల పిల్లలు. 2024 దసరాకు ముందు సింగరేణి లాభాల్లో వాటాగా కార్మికులకు 796 కోట్లు ప్రకటించినప్పుడు, కాంట్రాక్టు కార్మికులకు కూడా మొట్టమొదటిసారిగా తలా 5,000 ఇచ్చారు. మరుసటి ఏడు అది 5,500 అయింది. అదే ఓపెన్‌కాస్టు గనిలో, అదే దుమ్ములో, అదే షిఫ్టులో దిగినా వాటాలు పంచేటప్పుడు అతను ఉద్యోగి కాడు. కాడు గనకే దానం పంచేటప్పుడు అతని బిడ్డ నిక్షేపంగా లబ్ధిదారు అవుతుంది. తండ్రికి జీతంలో కోసింది కూతురికి బల్లగా ఇచ్చి, బల్ల వెనక పేరు రాయించుకునే ఏర్పాటు ఇది. దీన్ని ప్రపోజల్‌లో రాయొద్దు. 'అణగారిన వర్గాలు' అంటే చాలు.

పేరంటే గుర్తొచ్చింది. 2022లో రాష్ట్రంలో 'మన ఊరు - మన బడి' మొదలైనప్పుడు దాతలకు రేటు కార్డు కూడా ప్రకటించారు. పది లక్షలిస్తే ఒక తరగతి గదికి మీ పేరు, కోటి ఇస్తే ఏకంగా హైస్కూలుకే మీరు కోరిన పేరు. ప్రభుత్వం మారాక ఆ పనులు 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీల చేతికి వచ్చాయి. పథకం పేరు మొత్తం మార్చిపారేసినా, అందుకు ఎవరూ కోటి రూపాయలు కట్టిన దాఖలా లేదు. దాతలు ఇది గమనించాలి. రాజకీయాల్లోకి వస్తే నామకరణం ఉచితం.

ప్రారంభోత్సవాలు మీరు చూడనివా? నీళ్ల ఫిల్టరుకు రిబ్బను కడతారు. రిబ్బను కత్తిరించేదాకా ఎండలో పిల్లలు రెండు వరుసల్లో నిలబడతారు, ఆకలి కడుపులతో చప్పట్లు కొడతారు. ఫిల్టరు మీద దాతల పేర్లున్న పలక ఫిల్టరు కంటే వెడల్పుగా ఉంటుంది. కాట్రిడ్జి మార్చాల్సిన రోజు వచ్చేసరికి ఆ పలక మీది ఫోను నంబరు పనిచేయదు. ఫిల్టరు ఆగిపోతుంది, పలక ఆగదు. పలకకు మెయింటెనెన్సు లేదు కదా.

నిజం చెప్పొద్దూ, అన్నిటికీ ఇన్ని తిప్పలు ఉండవు. రామగుండంలో మెడికల్ కాలేజీ 2022లో సింగరేణి డబ్బుతో వచ్చింది, మంచి పనే. దానికోసం ఏ పిల్లనూ నేల మీద కూర్చోబెట్టి ఫొటో తీయలేదు. పెద్ద పనికి పైనుంచి ఒక్క మాట చాలు. ముప్పై బల్లలకే నలభై పేజీలు కావాలి. అడిగేది ఎంత చిన్నదైతే అంత పెద్ద విన్నపం రాయాలన్నది ఇక్కడి సూత్రం.

ఇప్పుడు అసలు లెక్క ఒకటి చెబుతాను, ప్రపోజల్‌లో పెట్టొద్దు గానీ మీరొక్కరే రాత్రిపూట చూసుకోండి. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. 2015లో గనుల చట్టం సవరించి ప్రతి గని జిల్లాలో మినరల్ ఫౌండేషన్ ట్రస్టు పెట్టమన్నారు. 2015 జనవరి 12కు ముందరి లీజులైతే రాయల్టీకి తోడు అందులో 30 శాతం మొత్తాన్ని ఆ ట్రస్టుకు కట్టాలి. గనుల వల్ల నష్టపోయిన మనుషుల కోసం, ఊళ్ల కోసం ఆ సొమ్ము. చదువు దాని మొదటి ప్రాధాన్యాల్లో ఒకటి. టన్ను బొగ్గు 3,000 రూపాయలనుకుందాం. రాయల్టీ 420. అందులో 30 శాతం 126. స్టేషన్ దాటి వెళ్లే గూడ్సు రైలు దాదాపు 4,000 టన్నులు మోస్తుంది. అంటే ఒక్క గూడ్సు కదిలితే ట్రస్టు ఖాతాలో 5 లక్షల పైచిలుకు. మీ బల్లలు, మీ మరుగుదొడ్లు, మీ పది గజాల ప్రహరీ కలిపి ఆ రైల్లో ఎన్ని డబ్బాలవుతాయో ఐదో తరగతి పిల్లలకు లెక్కగా ఇవ్వండి. రైలు వెళ్లిపోయేలోపు చేసేస్తారు. ఆ సొమ్ము మీద మీకు ఉన్నది హక్కు. అందుకే దానికి కూడా సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, టోకెను నంబరు పిలిచేదాకా నిలబడాలి.

ఇన్నేళ్లుగా ఒకరే రాస్తున్నారు, ఒకరే చదువుతున్నారు. ఒక్కసారి కుర్చీలు మార్చి చూద్దాం. బ్లాస్టింగ్ పెట్టుకోవడానికీ, డంపర్లు బడి ముందు నుంచి తిప్పడానికీ ఒకానొక ఓపెన్‌కాస్టు గని వాళ్లు హెడ్మాస్టరుకు ప్రపోజల్ పెట్టుకోవాల్సి వచ్చిందనుకోండి. ఆయన జవాబు ఇలా ఉండొచ్చు:

"అయ్యా, తమరి విన్నపం అందినది. పరిశీలించగా ఈ కింది లోపములు కనబడినవి. తమరు మా బడి గోడలకు కలిగించదలచిన పగుళ్లకు అంచనా పట్టిక జతపరచలేదు. దుమ్ము వలన ప్రభావితులగు పిల్లల సంఖ్య, తరగతుల వారీగా, బాలబాలికల వారీగా చూపలేదు. గత మూడేళ్లలో తమరు లేపిన దుమ్ముకు ఆడిట్ చేయించిన లెక్కలు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ లేవు. బొగ్గు అయిపోయిన పిమ్మట గొయ్యిని ఏమి చేయుదురో 'సుస్థిరత' అను శీర్షిక కింద కనీసం రెండు పేజీలు రాయవలెను. జతచేసిన ఫొటోలో తమ అధికారులు నవ్వుచున్నారు. ఇట్టి ఫొటో వలన తమకు గొయ్యి అంత అవసరమని మాకు నమ్మకము కలుగుట లేదు. కొంచెం దీనముగా, వీలైతే నేల మీద కూర్చుని, మరల దిగి పంపగలరు.

మా బడి యాజమాన్య కమిటీ తీర్మానము ప్రకారము, అనుమతి లభించిన పక్షమున ప్రతి వంద టన్నుల డంపరు మీద 'ఈ గొయ్యి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల వారి సౌజన్యముతో' అని కనీసం రెండడుగుల అక్షరములతో రాయించవలెను. ప్రారంభోత్సవమునకు మా మూడో తరగతి పిల్లలు ముఖ్య అతిథులుగా వచ్చెదరు. వారు వచ్చువరకు తమ సిబ్బంది ఎండలో రెండు వరుసలుగా నిలబడి ఉండవలెను. చప్పట్లు సాధన చేయించగలరు.

ఇన్‌వర్డు నంబరు వేసి ఉంచితిమి. సారు మీటింగులో ఉన్నారు. వచ్చే సోమవారం కనుక్కోండి."